మనవాళ్ళ మధ్య పరాయితనం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను విద్య మీద మాట్లాడమన్నారు. ఉర్దూ మీడియం పంతులును కాబట్టి ఇంకేం మాట్లాడతానని అనుకున్నారేమో. స్కాలర్‌షిప్పుల సంగతి, ఫీజుల సంగతి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను దాన్ని ఆనుకునే ఉన్న మరొక విషయం ఎత్తుకుంటాను. చదువు కోసమో సంపాదన కోసమో మన పిల్లలు ఊరు దాటిపోయినప్పుడు మొదటి నాలుగైదు నెలల్లో వాళ్ళ మనసుకు ఏమవుతుంది, దాన్ని మనం ఇంట్లో కూర్చుని ఎట్లా అర్థం చేసుకుంటున్నాం అన్నది నా విషయం. ఇంగ్లీషులో దీన్ని కల్చర్ షాక్ అంటారు. తెలుగులో ఒక్క మాటలో చెప్పాలంటే పరాయితనం అనుకుందాం.

ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినవారిలో కలెర్వో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త ఒకరు. కెనడాలో పుట్టినవాడు, తల్లిదండ్రులు ఫిన్లాండు వాళ్ళు. 1954లో బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరో నగరంలో ఒక మహిళా క్లబ్బులో ఆయన ఈ విషయం మీద ప్రసంగించాడు. 1960లో అది పత్రికలో అచ్చయింది. ఆయన చెప్పింది చాలా సాదా సంగతి. మనం పుట్టిన చోట ఎప్పుడు సలాం చెయ్యాలి, ఎప్పుడు నవ్వాలి, ఎవరింటికి పోతే కూర్చోవాలి, ఎవరింటికి పోతే నిలబడాలి, ఎంత బేరం ఆడాలి అనే వెయ్యి చిన్న గుర్తులు మనకు తెలియకుండానే ఒంటబట్టి ఉంటాయి. ఊరు మారగానే అవన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోతాయి. నీళ్ళలోంచి తీసిన చేపలాగా అవుతాడు మనిషి. అప్పుడు నీళ్ళు తాగాలన్నా అనుమానం, తిండి మీద అనుమానం, చిన్నదానికి కోపం, ఊరికే చేతులు కడుక్కోవటం, ఇంటి మీద ప్రాణం పోయేంత బెంగ. ఇవన్నీ ఆయన రాసిన లక్షణాలే. మొదట కొత్త మోజు, తరువాత కష్టకాలం, తరువాత తేరుకోవటం, చివరకు అలవాటు పడటం అని నాలుగు మెట్లు కూడా చెప్పాడు.

1955లో నార్వే దేశపు లిస్‌గార్డ్ అనే ఆయన, అమెరికాకు పోయి వచ్చిన 200 మంది తన దేశస్థులను విచారించాడు. ఆరు నెలల లోపే ఉండి వచ్చినవాళ్ళు బాగానే ఉన్నామన్నారు. ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్ళూ బాగానే ఉన్నామన్నారు. మధ్యకాలం వాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడ్డారట. అయితే ఈ వరుస అందరికీ వర్తించదని, చాలామందికి కష్టం మొదటి రోజు నుంచే ఉంటుందని తరువాతి పరిశోధకులు తేల్చారు. మన పిల్లలను చూసిన నాకు ఆ రెండో మాటే సరిగ్గా అనిపిస్తుంది. కొత్త మోజు విహారానికి పోయినవాడికి ఉంటుంది గాని అప్పు చేసి విమానం ఎక్కినవాడికి ఏముంటుంది?

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. మనం అనుకుంటాం, పూర్తిగా పరాయి దేశం పోతే దెబ్బ ఎక్కువ, మనలాంటి వాళ్ళ దగ్గరికి పోతే తక్కువ అని. నా అనుభవంలో తరచు దీనికి తలకిందులుగా జరుగుతుంది. పరాయి వాళ్ళ దగ్గరికి పోయేవాడు గుండె గట్టి చేసుకుని పోతాడు. మనవాళ్ళే కదా అని పోయేవాడు ఏ జాగ్రత్తా లేకుండా పోతాడు. దెబ్బ వాడికే గట్టిగా తగులుతుంది.

దీనికి పెద్ద సాక్షి ఇబ్న్ బతూతా. 1304లో మొరాకో దేశపు తాంజీరు పట్నంలో పుట్టి, 1325లో హజ్జుకని ఒంటరిగా బయలుదేరాడు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు. ట్యూనిస్ నగరం చేరేసరికి ఊరివాళ్ళు ఎదురొచ్చి తోటి ప్రయాణికులందరికీ సలాములు చేస్తున్నారు, క్షేమ సమాచారాలు అడుగుతున్నారు. ఇతన్ని పలకరించిన నాథుడు లేడు, తెలిసినవాడు ఒక్కడూ లేడు కనుక. కన్నీళ్ళు ఆపుకోలేక ఏడ్చానని ఆయనే చెప్పుకున్నాడు. అది కనిపెట్టి హాజీ ఒకాయన దగ్గరికి వచ్చి సలాం చేసి, ఊళ్ళోకి పోయేదాకా కబుర్లు చెబుతూ వెంట నడిచాడట. చూడండి, అదే మతం, అదే అరబ్బీ భాష, సొంత ఊరికి మరీ దూరం కూడా కాదు. అయినా ఏడ్చాడు. అదే మనిషి ట్యూనిస్ నుంచి బయలుదేరేటప్పుడు ఆ కారవానుకు ఖాజీ అయి బయలుదేరాడు.

తరువాత ఆయన దాదాపు ముప్ఫై ఏళ్ళు తిరిగాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారులో ఖాజీగా చేశాడు. మాల్దీవుల్లో ఖాజీ అయ్యాడు. అక్కడి వాళ్ళు నమాజులకు కట్టుబడ్డ ముసల్మానులే, కాని ఆడవాళ్ళు నడుము పైన బట్ట కప్పుకోరు. ఈయన హుకుం జారీ చేశాడు. ఎవరూ వినలేదు, నా వల్ల కాలేదని ఆయనే ఒప్పుకున్నాడు. 1352లో సహారా ఎడారి దాటి మాలీ రాజ్యానికి పోయినప్పుడు మరీ చిత్రం. దారిలో వలాతా అనే ఊళ్ళో విందుకు పిలిచి తేనె, కాసింత పెరుగు కలిపిన సజ్జపిండి లాంటిది పెట్టారు. దీనికోసమా పిలిచింది, వీళ్ళ దగ్గర మనకేం లాభం, వెనక్కి పోదాం అనుకున్నాడు. అక్కడి వాళ్ళు ఫిఖా చదువుతారు, ఖురాన్ కంఠస్థం చేస్తారు, కాని వంశం తండ్రి పేర కాక మేనమామ పేర చెప్పుకుంటారు, ఆస్తి మేనల్లుళ్ళకు పోతుంది. ఇలాంటిది మలబారులో తప్ప చూడలేదని ఆశ్చర్యపోయాడు. రాజధానికి చేరాక సుల్తాను కానుక పంపాడని కబురొచ్చింది. ఖిలాతులు, సొమ్ము అనుకుని లేచి చూస్తే మూడు రొట్టెలు, వేయించిన మాంసం ముక్క, పెరుగు. నవ్వొచ్చిందట.

కాని వెనక్కి పోలేదు. నెలలకు నెలలు అక్కడే ఉన్నాడు. చివర్లో ఆయన రాయించిన మాటలు నేను పిల్లలకు ప్రతి సంవత్సరం చెబుతాను. ఈ దేశంలో అన్యాయం బహు తక్కువ, బాటసారికి దొంగల భయం లేదు, పరదేశి చనిపోతే వాడి సొమ్ము ముట్టుకోరు, హక్కుదారు వచ్చేదాకా భద్రం చేస్తారు, జుమా రోజు పెందలాడే పోకపోతే మసీదులో చోటు దొరకదు అని. నచ్చని సంగతులు కూడా దాచలేదు, వాటి జాబితా వేరే ఇచ్చాడు. పరాయి చోటికి పోయినవాడు చేరవలసిన స్థితి అదీ. అంతా గొప్ప అనటమూ కాదు, అంతా పాడు అనటమూ కాదు.

మన కడప, రాయచోటి పక్క నుంచి కువైట్‌కు, తెలంగాణ జిల్లాల నుంచి దుబాయికి, సౌదీకి పోయే కుటుంబాలు ఈ సభలో ఎన్నో ఉన్నాయి. పోయేవాడికి ఇంట్లో చెప్పే ధైర్యం ఒక్కటే, ‘‘ముసల్మానుల దేశమే కదా బేటా, భయమెందుకు’’ అని. పోయినవాడు మొదటి జుమాకు మసీదుకు పోతాడు. ఖుత్బా ముందు ఉర్దూలో బయాన్ ఉండదు. మన దగ్గర ఎక్కువమంది హనఫీలు, అక్కడ మాలికీ, షాఫియీ, హంబలీ పద్ధతులు. చాలా మసీదుల్లో ఆమీన్ గట్టిగా అంటారు. టోపీ లేకుండా నిలబడతారు. అసర్ మనకంటే ముందే అయిపోతుంది. నమాజు తరువాత ఇమాము అందరి చేత దుఆ చేయించడు. మక్కా, మదీనాల్లో జనాజా నమాజు ముగించేటప్పుడు ఒక్క వైపే సలాం తిప్పుతారు. మనవాడు అదిరిపోతాడు. అక్కడి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాతో అన్నాడు, ‘‘మాస్టర్ సాబ్, పని కష్టం తట్టుకున్నా, ఎండ తట్టుకున్నా. మసీదులో కూడా కొత్తవాణ్ణే అయిపోతినే అని ఆ రోజు ఏడ్చినా’’ అని. ఈ నాలుగు తేడాలూ ఇక్కడే ఎవరైనా చెప్పి పంపి ఉంటే, మన మజ్‌హబుల్లో ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్న పద్ధతులేనని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు.

ఇక భాష. ఉర్దూ వచ్చినవాడికి అరబ్బీ సగం వచ్చినట్టే అని మనలో ఒక నమ్మకం. ఇది ప్రమాదకరమైన నమ్మకం. నేను ఉర్దూ చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి. ఉర్దూలో రఖమ్ అంటే డబ్బు, అరబ్బీలో నంబరు. ఆఫీసులో రఖమ్ అడిగితే మనవాడు జేబులో చెయ్యి పెడతాడు. ఉర్దూలో జులూస్ అంటే ఊరేగింపు, అరబ్బీలో కూర్చోవటం. ఉర్దూలో ఫిల్‌హాల్ అంటే ప్రస్తుతానికి, అరబ్బీలో తక్షణం. మక్తబ్ అంటే మనకు చిన్నపిల్లల బడి, వాళ్ళకు ఆఫీసు. షరాబ్ సంగతి సరేసరి. అరబ్బీలో తాగేది ఏదైనా షరాబే, అక్కడ దగ్గు మందు సీసా మీద ఆ మాట అచ్చు వేసి ఉంటుంది. జ్వరంతో ఉన్న పిల్లవాడు ఆ సీసా చూసి తౌబా తౌబా అని పక్కన పెడితే తప్పు వాడిది కాదు. ఇక గల్ఫ్ వాడుక భాషలో మాఫీ అంటే లేదు అని. రుణమాఫీ మాట వింటూ పెరిగిన మన రైతు బిడ్డకు ఆ మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు ఎంత ఆశ కలిగి ఉంటుందో మీరే ఊహించండి.

అన్నిటికంటే నన్ను కదిలించే మాట గరీబ్. మనం ఉర్దూలోనూ, తెలుగులోనూ డబ్బు లేనివాణ్ణి గరీబు అంటాం. అరబ్బీలో ఆ మాటకు అర్థం వేరు. పరదేశి, కొత్తవాడు, వింతవాడు అని. పరాయి చోట ఉండే బాధను వాళ్ళు గుర్బత్ అంటారు. మనం ఆ మాటకు పేదరికం అని అర్థం చేసుకున్నాం. పరదేశంలో ఉన్నవాడికి రెండు అర్థాలూ ఒకేసారి తెలుస్తాయి.

చిన్న గుర్తుల సంగతి చెప్పాను కదా. అక్కడ చిన్న పింగాణీ గిన్నెలో చేదు కాఫీ పోస్తారు. తాగి గిన్నె తిరిగి ఇస్తే మళ్ళీ పోస్తారు. ఎన్నిసార్లు ఇస్తే అన్నిసార్లు పోస్తారు. చాలు అనాలంటే గిన్నెను చేతిలో అటూ ఇటూ ఆడించాలి. నోటితో ఎన్నిసార్లు వద్దన్నా మర్యాదకు అంటున్నాడనుకుంటారు. మగవాళ్ళు ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకుంటారు, చేతులు పట్టుకుని నడుస్తారు. ఎదుటి మనిషికి అరికాలు కనిపించేటట్టు కూర్చోకూడదు. మన దగ్గర ‘‘ఇంట్లో భాభీ బాగుందా’’ అని అడగటం ప్రేమ. అక్కడ పరాయి మగవాడు ఇంటి ఆడవాళ్ళ క్షేమం అడగటం తప్పు. ఇవి తెలుసుకోవటానికి పెద్ద చదువు అక్కరలేదు, చెప్పేవాడొకడు కావాలి.

చెప్పేవాడు కూడా ఈ మధ్య పోయి వచ్చినవాడై ఉండాలి. ఎందుకంటే నాన్న చూసిన సౌదీ కొడుక్కి దొరకదు. 2013 దాకా అక్కడ గురువారం, శుక్రవారం సెలవులు, తరువాత శుక్ర శనివారాలయ్యాయి. 2018లో సినిమా హాళ్ళు తిరిగి తెరిచారు, అదే ఏడు ఆడవాళ్ళు కారు నడపటానికి అనుమతి వచ్చింది. దుబాయిలో 2022 నుంచి ప్రభుత్వ ఆఫీసులకు శని ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం రోజు పని. చాచా చెప్పిన కథలు విని పోయిన పిల్లవాడికి అక్కడ కనిపించేది వేరే దేశం.

ఇక్కడ ఒక హెచ్చరిక. అన్నిటినీ ఈ పరాయితనం ఖాతాలో వెయ్యకూడదు. కొట్టటం, జీతం ఎగ్గొట్టటం, పాస్‌పోర్టు లాక్కోవటం ఏ దేశపు సంస్కృతీ కాదు. ఇళ్ళల్లో పనికి పోయిన మన అక్కచెల్లెళ్ళు ఫోనులో ఏడిస్తే, ‘‘కొత్త కదా, అలవాటవుతుందిలే, సబర్ చెయ్యి’’ అనే ముందు ఏం జరిగిందో పూర్తిగా అడగండి. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపని వాళ్ళకు వారానికి ఒక రోజు సెలవు ఉంది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, పనివారి ఒప్పుదల లేకుండా యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదు. తిండి వేరు, భాష వేరు అనేది సబర్ చెయ్యవలసిన విషయం. రెండోది రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చెయ్యవలసిన విషయం. ఈ తేడా ఇంట్లో తల్లికి తెలిసి ఉండాలి, ఎందుకంటే కూతురు మొదట ఫోను చేసేది ఆమెకే.

గల్ఫ్ దాకా ఎందుకు, ఇక్కడే, మన రాష్ట్రంలోనే, ముప్ఫై మైళ్ళ దూరంలో ఇదే జరుగుతోంది. మా బడిలో పదో తరగతి మంచి మార్కులతో ప్యాసయిన పిల్లవాడొకడు పక్క పట్నంలో ఇంటర్మీడియట్‌లో చేరాడు. నలభై రోజులకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేశాడు. వాళ్ళ అబ్బా వాణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చి ‘‘వీడికి గుండె లేదు సార్, పిరికి వెధవ’’ అన్నాడు.

‘‘బేటా, ఎవరైనా కొట్టారా?’’ అని అడిగాను.

‘‘లేదు సార్.’’

‘‘వెక్కిరించారా?’’

‘‘లేదు సార్, అందరూ మంచోళ్ళే. నాకు లెక్క తెలుసు సార్. లెక్క పేరు తెలీదు.’’

ఆ మాటకు వాళ్ళ అబ్బాకు అర్థం కాలేదు గాని నాకు అర్థమైంది. ఉర్దూ మీడియంలో త్రిభుజాన్ని ముసల్లస్ అని, సమీకరణాన్ని మసావాత్ అని, వైశాల్యాన్ని రఖ్బా అని, గురుత్వాకర్షణను కషిష్-ఎ-సఖ్ల్ అని నేర్చుకుంటాడు. ఇవేమీ నాటు మాటలు కావు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పై చదువులు చెప్పటం మొదలుపెట్టినప్పుడు శాస్త్రాలకు కావలసిన మాటల కోసం దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖే నడిపారు. పండితులు కూర్చుని తయారుచేసిన మాటలు. 1948 తరువాత ఆ విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మారింది. మా బడి పిల్లవాడు మాత్రం ముసల్లస్ పట్టుకుని కాలేజీ మెట్లెక్కుతాడు. లెక్చరర్ గారు ట్రయాంగిల్ అంటారు, పక్క కుర్రాడు త్రిభుజం అంటాడు. తెలిసిన విషయం కళ్ళ ముందే తెలియనిదై పోతుంది. నోట్సు కుడి నుంచి తిప్పే అలవాటు కాబట్టి పుస్తకం వెనక నుంచి తెరుస్తాడు. ఎవరూ నవ్వరు, అయినా అందరూ చూస్తున్నారనిపిస్తుంది.

హాస్టల్ గదిలో ఇంకొకటి. తోటి పిల్లలు స్నేహంగానే అడిగారట, ‘‘మీలో చిన్నాన్న కూతుర్ని చేసుకుంటారంట కదరా, చెల్లెలు కాదా?’’ అని. వీడు ‘‘మీలో అక్క కూతుర్ని చేసుకుంటారు కదా, కూతురి లాంటిది కాదా?’’ అని అడిగాడట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. వందల ఏళ్ళుగా గోడకు గోడ ఆనుకుని బతికిన ఇళ్ళ పిల్లలు వాళ్ళు. ఒకరి పెళ్ళి భోజనం ఒకరు తిన్నవాళ్ళు. అయినా ఒకే గదిలో పడుకుంటే గాని ఈ ప్రశ్న రాలేదు. నన్నడిగితే ఇది మంచి ప్రశ్నే, గొడవ లేకుండా అడగగలిగినంత కాలం.

ఆ పిల్లవాడి చేత ఒక నోటుబుక్కు పెట్టించాను. మూడు గళ్ళు గీసి ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాటలు వరుసగా రాయించాను. దాదాపు మూడు వందల మాటలయ్యాయి. వారం తరువాత వాడు తిరిగి పోయాడు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. అంతకు ముందు సంవత్సరం ఇలాగే తిరిగొచ్చిన మరో పిల్లవాణ్ణి ఇంట్లో వాళ్ళు నా దగ్గరికి తీసుకురాలేదు. వాడు బస్టాండు దగ్గర పంక్చర్లు వేస్తున్నాడు. లెక్కల్లో మొదటివాడి కంటే గట్టివాడు. పంక్చర్లు వెయ్యటం హలాల్ సంపాదనే, నేను తక్కువ చెయ్యటం లేదు. కాని వాడు దాన్ని ఎంచుకోలేదు.

పోవటంలోనే కాదు, రావటంలోనూ ఈ దెబ్బ ఉంది. పదేళ్ళు అక్కడుండి వచ్చిన తండ్రిని చూసి చిన్న కూతురు తలుపు వెనక దాక్కుంటుంది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆయనకు తెలియదు, ఎవరితో మాటలున్నాయో ఎవరితో లేవో తెలియదు. ఏదో అంటే ‘‘ఇక్కడ అట్లా కాదండీ’’ అంటారు. తన ఇంట్లో తనే గరీబ్. ఇబ్న్ బతూతా 1349లో ఇల్లు చేరేసరికి తండ్రి పోయి ఏళ్ళయింది, తల్లి కొద్ది నెలల కిందటే ప్లేగుతో పోయింది. ఆయన ఊళ్ళో ఎక్కువ కాలం నిలవలేదు, మళ్ళీ బయలుదేరాడు. మన పెద్దల కాలంలో ఉత్తరాలు, టేపు క్యాసెట్లు తప్ప వేరే మాట లేదు. ఇప్పుడు రోజూ ఫోనులో మొహాలు చూసుకుంటున్నారు, అది మేలే. అయితే పొద్దంతా ఇంటితోనే ఫోనులో ఉండేవాడు పక్క మంచం మీదివాడి పేరు కూడా తెలుసుకోడు. రాత్రి ఒక గంట ఇంటికి, సాయంత్రం ఒక గంట అక్కడి మనుషులకు అని తల్లులే చెప్పాలి.

ప్రభుత్వం వారు పదో తరగతి ప్యాసు కాని వాళ్ళకు, గల్ఫ్ మొదలైన 18 దేశాలకు ఉద్యోగానికి పోయే ముందు ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి చేశారు. 2018 నుంచి అలాంటి వాళ్ళకు ఒక రోజు శిక్షణ ఉచితంగా ఇస్తున్నారు. పోయేవాళ్ళు తప్పక పోయి వినాలి. కాని ఒక్క రోజులో చట్టం సంగతి చెబుతారు గాని కాఫీ గిన్నె ఎట్లా ఆడించాలో, ముసల్లస్‌ను ఏమనాలో చెప్పరు. అది మనం చెప్పుకోవలసిందే.

కార్యదర్శి గారితో ఇదివరకే మాట్లాడాను. సొసైటీ గది ప్రతి నెలా మొదటి ఆదివారం జుహర్ తరువాత రెండు గంటలు మనకిస్తామన్నారు. ఈ రెండేళ్ళలో కువైట్ నుంచో, సౌదీ నుంచో వచ్చినవాళ్ళు ముగ్గురు, కాలేజీ హాస్టళ్ళలో ఉన్న పిల్లలు ఇద్దరు వచ్చి కూర్చోవటానికి ఒప్పుకున్నారు. మూడు గళ్ళ నోటుబుక్కు నకళ్ళు నా దగ్గరున్నాయి, కావలసినవాళ్ళు జిరాక్సు తీసుకోవచ్చు. ఈ సంవత్సరం ఊరు దాటి పోయే పిల్లల పేర్లు భోజనాల తరువాత కార్యదర్శి గారి దగ్గర రాయించండి. మధ్యలో తిరిగొచ్చేసిన పిల్లలుంటే వాళ్ళ పేర్లు కూడా రాయించండి, సిగ్గుపడకండి. తల్లులకు పరదా వేసి వేరే చోటు ఏర్పాటు చేస్తాం. అడగవలసిన ప్రశ్నలు వాళ్ళ దగ్గరే ఎక్కువ ఉంటాయని నాకు తెలుసు.